"వెలయంగా తోక"నా, "దోక"నా? కలరా క్రిమి పాఠానికి ఒక కందం కావాలి

హబ్సిగూడ పంతులమ్మ: డిగ్రీ పిల్లలకు కలరా పాఠం తెలుగులో నోట్సు రాస్తున్నాను. మొదట్లో సుమతి శతకంలోని ఆ పాము-తేలు కందం పెడదామనుకుంటే "తలనుండు విషము ఫణికిని, వెలయగ తోకనుండు..." దగ్గర నాలుక తడబడుతోంది. ఎక్కడో ఒక మాత్ర తగ్గింది. రెండో సంగతి, రెగ్యులేటరీ ప్రోటీన్‌కి "నియంత్రక ప్రోటీన్" అని రాశాను. రాసినప్పటి నుంచీ నచ్చట్లేదు. మనకు నియంత్రణ అంటే ధరల నియంత్రణ, జనాభా నియంత్రణ, అంటే తగ్గించడం. ఈ టాక్స్ఆర్ అనే ప్రోటీన్ చేసేది తగ్గించడం కాదు, విషం జన్యువుల్ని నిద్రలేపడం. మంచి మాట ఉంటే చెప్పండి.

అరసున్న అభిమాని: తగ్గింది ఒకటి కాదమ్మా, రెండు. "వెలయంగా". వెలయం సగణం, గాదో గగ, ఆపైన కనుండు జగణం. కందంలో ఆరో గణం నలమో జగణమో కావాలి, సరిగ్గా పడింది. అంతకన్నా ముఖ్యం, అది తోక కాదు, దోక. "వెలయంగాన్" ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట, కాబట్టి దాని తర్వాతి పరుషం (త) సరళం (ద) అవుతుంది. పద్ధతిగా రాస్తే "వెలయంగాఁ దోక".

ఆబిడ్స్ ఫుట్‌పాత్: ఆదివారం ఇరవై రూపాయలకి కొన్న అట్టలేని శతకాల ప్రతి నా ముందే ఉంది. "తోక" అనే ఉంది. అయినా ఈ రోజుల్లో దోక అంటే ఎవరికి తెలుస్తుంది మాస్టారూ?

అరసున్న అభిమాని: అదే ప్రతిలో మూడో పాదం ఎత్తుగడ చూడండి. తల అని ఉందా, దల అని ఉందా?

ఆబిడ్స్ ఫుట్‌పాత్: ...దల.

అరసున్న అభిమాని: "వృశ్చికమునకున్" తర్వాత ఒప్పుకున్న ద్రుతం "వెలయంగాన్" తర్వాత ఏం పాపం చేసిందండీ?

చిక్కడపల్లి లైబ్రరీ మెట్లు: పద్యం సంగతి పెద్దలు చూసుకుంటారు. ప్రోటీన్‌కి "నియామక" అంటే ఎలా ఉంటుంది మేడమ్?

హబ్సిగూడ పంతులమ్మ: మీ లైబ్రరీలో ఆ మాట అంటే అందరూ గ్రూప్-2 నోటిఫికేషన్ వచ్చిందని లేచి పరిగెత్తుతారు.

తార్నాక: "నియంత్రక"లో ఉన్నది యమ్ ధాతువు, పట్టి ఉంచడం. యముడూ అక్కడివాడే. కాబట్టి మేడమ్ అనుమానం సబబే. అసలు వైరులెన్స్‌కి, అంటే క్రిమికి రోగం తెచ్చే గుణానికి, ఏం రాశారు? "తీవ్రత" అని రాసుంటే కొట్టేయండి. లాటిన్‌లో వైరస్ అంటే విషమే. మన "విషం"తో తోబుట్టువు మాట. విషత్వం అంటే మూలానికి దగ్గర.

నల్లకుంట: కలరా అన్నరు కాబట్టి చెప్తున్న. మా దిక్కు దాన్ని గత్తర అంటరు. మా నాయనమ్మ ఎవరినన్న తిట్టాలంటే ముందుగాల అదే నోట్ల నుంచి వచ్చేది. ఇక్కడి ఫీవర్ దవాఖానాను ఇప్పటికీ కోరంటి అంటరు. క్వారంటైన్ అరిగి అరిగి కోరంటి అయింది. మీరేమో విషత్వం, నియామకం అని కూర్చున్నరు.

తార్నాక: గత్తర రోగం పేరు అన్నా, గుణం పేరు కాదు. కోరంటికి మాత్రం దండం.

హబ్సిగూడ పంతులమ్మ: కాస్త పాఠంలోకి రండి. ఆ కందం ఎందుకు కావాలనుకున్నానంటే, కలరా క్రిమికీ తోక ఉంటుంది. కామా ఆకారం, ఒక కొసన సన్నటి తోక. కానీ అది ఈదడానికే, అందులో విషం లేదు. విషం క్రిమి నుంచి బయటికి వచ్చేస్తుంది. 1959లో కలకత్తాలో శంభునాథ్ డే, క్రిములన్నీ తీసేసిన వడపోత నీళ్లు ఒక్కటే కుందేలు పేగులోకి ఎక్కించినా అందులో నీరు ఊరుతుందని చూపించారు. అంటే తలలోనూ కాదు, తోకలోనూ కాదు.

"నిలువెల్ల" కూడా కుదరదు. ఈ క్రిమి ఉప్పు కలిసిన తీరం నీళ్లలో, బుల్లి రొయ్యజాతి జీవాల పెంకులు పట్టుకుని హాయిగా బతుకుతుంది. అక్కడ విషం చేయడం దండగ. మనిషి చిన్నపేగులోకి చేరాకే ఆ పని మొదలు. టాక్స్ఆర్ క్రిమి లోపలి పొరకు అడ్డంగా గుచ్చుకుని ఉంటుంది, ఒక కొస పొరకు అవతల, ఒక కొస లోపల డీఎన్‌ఏ దగ్గర. పైత్యరసం లాంటివి తగిలి పేగులోకి వచ్చామని తెలిశాక, టీసీపీపీ అనే తోడుతో కలిసి టాక్స్‌టి జన్యువును లేపుతుంది. ఆ టాక్స్‌టి వెళ్లి విషం జన్యువుల్ని, పేగును పట్టుకునే పోగుల జన్యువుల్ని లేపుతుంది. టాక్స్ఆర్‌ని 1984లో మిల్లర్, మెకలనోస్ బయటపెట్టారు. ఇంకో విచిత్రం, ఆ విషం జన్యువులు క్రిమి సొంతం కావు, బ్యాక్టీరియాకు పట్టే ఒక వైరస్ మోసుకొచ్చినవి. అది తేలింది 1996లో. లేపే టాక్స్ఆర్ మాత్రం సొంతది. అరువు విషం, సొంత మీట.

చిక్కడపల్లి లైబ్రరీ మెట్లు: దొరికింది కదా మేడమ్! "మీట ప్రోటీన్".

అరసున్న అభిమాని: మీట కాదు, మా ద్రుతం. "వెలయంగాన్"లో ఆ నకారం రెండు మాటల మధ్య గుచ్చుకుని కూర్చుంటుంది. తాను వినబడదు, పక్కనున్న తకారాన్ని దకారం చేసి పోతుంది. చిన్నయసూరి చదివినవాడికి మీ టాక్స్ఆర్ కొత్తేం కాదు.

హబ్సిగూడ పంతులమ్మ: పోలిక బాగుంది గానీ టాక్స్ఆర్ ఎక్కడికీ పోదండీ, పొరలోనే ఉంటుంది.

అరసున్న అభిమాని: అందుకే అరసున్న పెట్టమంటున్నాను. ఉన్నట్టు గుర్తు.

సైదాబాద్ శతకాలు: ఒంటి కణం జీవికి పేగేదో చెరువేదో ఎవరు చెప్పారు! ధూర్జటి గుర్తొస్తున్నాడు. "ఏ వేదంబు బఠించె లూత, భుజగం బే శాస్త్రముల్ సూచె". పాము కావాలంటే ఆ పద్యం పెట్టండి మేడమ్. ఆ ఎత్తుగడ ముందు సుమతి పద్యం బడిపిల్లల పాట.

ఆబిడ్స్ ఫుట్‌పాత్: కాళహస్తి పాము భక్తి చేసింది, కాటు వేయలేదు. కలరాకి దాన్ని తెస్తే ధూర్జటి ఊరుకుంటాడా?

సైదాబాద్ శతకాలు: ఆయన రాజుల్నే ఊరుకోలేదు. రాజుల మీద ఆయనకున్న కోపం ముందు ఏ విషం ఆనుతుంది?

తార్నాక: మేడమ్, లేపే ప్రోటీన్లే కాదు, అణిచేవీ ఉంటాయిగా? వాటికి "నియంత్రక" సరిపోతుంది కదా?

హబ్సిగూడ పంతులమ్మ: ఉన్నాయి, చిక్కంతా అక్కడే. హెచ్-ఎన్‌ఎస్ అని ఒకటి ఇవే జన్యువుల మీద కూర్చుని నొక్కి పెడుతుంది. టాక్స్‌టి చేసే పనుల్లో ఒకటి దాన్ని పక్కకు నెట్టడం. క్రిములు గుంపుగా పెరిగాక హాప్ఆర్ అని ఇంకోటి వచ్చి మొత్తం గొలుసును ఆపేస్తుంది. లేపేదానికీ, నొక్కేదానికీ, నొక్కేదాన్ని నెట్టేదానికీ ఒకే మాట కావాలి. పాఠంలో అన్నిటినీ కలిపే చెప్పాలి మరి.

నల్లకుంట: మేస్త్రీ అనుండ్రి. పని పెట్టేదీ ఆయనే, బందు చేయించేదీ ఆయనే.

తార్నాక: మేస్త్రీ పోర్చుగీసు మాట అన్నా.

నల్లకుంట: ప్రోటీన్ మనూరి మాటనా?

అరసున్న అభిమాని: ప్రోటీన్ సంగతి తర్వాత. దోక తేలిందా లేదా?

ఆబిడ్స్ ఫుట్‌పాత్: వచ్చే ఆదివారం ఇంకో ప్రతి దొరికితే చూసి చెప్తా.

హబ్సిగూడ పంతులమ్మ: అంత టైం లేదండీ, నోట్సు జిరాక్స్‌కి ఇచ్చేశాను. "నియంత్రక" కింద పెన్సిల్ గీత గీసి వదిలేశాను. పద్యంలో మీ మాట మన్నించి అరసున్నతోనే టైప్ చేయించాను. షాపు అబ్బాయి ఫాంటులో ఆ గుర్తు లేదట. పాము తలకీ తేలు తోకకీ మధ్య ఇప్పుడొక ఖాళీ పెట్టె వచ్చింది.

అరసున్న అభిమాని: పెట్టె తర్వాత ఉన్నది త యా ద యా?