గ్రీసులో శాకాహార కుటుంబంతో భోజనం: టావెర్నాల (అక్కడి సంప్రదాయ భోజనశాలల) పద్ధతుల గురించి సలహా కావాలి

ప్రశ్న (స్టుట్‌గార్ట్ నుంచి)

అందరికీ నమస్కారం. విజయవాడ నుంచి వచ్చిన మా అమ్మానాన్నలను సెప్టెంబరులో ఏథెన్సుకూ, అక్కడి నుంచి క్రీట్ ద్వీపానికీ తీసుకువెళ్తున్నాము. ఇద్దరూ శాకాహారులు, గుడ్డు కూడా ముట్టరు. రాత్రి ఏడున్నరకల్లా భోజనం ముగించడం వారి చిరకాలపు అలవాటు. గ్రీకులు తొమ్మిది దాటితే గాని రాత్రి భోజనానికి కూర్చోరనీ, అడగని రొట్టెకు కూడా డబ్బు తీసుకుంటారనీ, తిన్న తరువాత ఎంతసేపు కూర్చున్నా బిల్లు తెచ్చి ఇవ్వరనీ చదివాను. పెద్దవాళ్లు ఇబ్బంది పడకుండా, అక్కడివారి మర్యాదకు లోటు రాకుండా ఎలా తినాలో, ఏ వంటకాలను నిశ్చింతగా అడగవచ్చో తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు. నేనూ మా ఆవిడా చేపలు తింటాము కనుక వాటి గురించి కూడా ఒక మాట చెప్పండి.

జవాబు 1 (ఏథెన్స్ నుంచి)

నమస్కారమండీ. మీ తల్లిదండ్రులకు ఇక్కడ తిండికి లోటుండదు, కానీ పెద్ద భోజనాన్ని మధ్యాహ్నానికి పెట్టుకోండి. టావెర్నాలలో శాకాహారులకు పనికివచ్చే వాటిలో ఎక్కువ భాగం ‘లాదెరా’ అనే రకానివి; కూరగాయలనో చిక్కుళ్లనో టమాటా, ఉల్లిపాయలతో కలిపి, ధారాళంగా ఆలివ్ నూనె పోసి నెమ్మదిగా మగ్గబెట్టినవి. వీటిని పొద్దున్నే వండి పెద్ద ట్రేలలో ఉంచుతారు, గోరువెచ్చగా వడ్డిస్తారు, చాలాచోట్ల రాత్రికి అయిపోతాయి. ఒంటిగంట, రెండు గంటల మధ్య వెళ్తే బెండకాయలతో చేసే ‘బామియెస్’, పెద్ద తెల్ల చిక్కుడు గింజలతో చేసే ‘గిగాంతెస్’, వంకాయ, బంగాళాదుంప, జుకీనీ కలిపి ఓవెన్‌లో వండే ‘బ్రియామ్’ వంటివి దొరికే అవకాశం ఎక్కువ. పాత పద్ధతి నిలుపుకున్న చోట్ల వంటగదిలోకి పిలిచి గిన్నెల మూతలు తీసి చూపిస్తారు. అమ్మగారిని తప్పకుండా లోపలికి తీసుకువెళ్లండి. మెనూలో పేర్లు చదువుకోవడం కంటే కళ్లతో చూసి ఎంచుకోవడం ఆవిడకు తేలిక.

శాకాహారం కావాలని ఇంగ్లీషులో చెప్పినా అర్థం చేసుకుంటారు గాని, ‘నిస్తీసిమో’ అని అడిగితే పాలు, గుడ్లు కూడా లేనివి చూపిస్తారు. ఇక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులలో నిష్ఠగా ఉండేవారు ఈస్టరుకు ముందు వచ్చే దీర్ఘ ఉపవాసంలోనూ, ఏడాదిలో చాలా బుధ, శుక్రవారాల్లోనూ మాంసం, గుడ్లు, పాలు, చేపలు మానేస్తారు. ఆ ఉపవాసానికి తగిన భోజనాన్నే అలా అంటారు. ఇంత చక్కని కూరగాయల వంట ఈ దేశంలో నిలబడడానికి ఆ ఉపవాసాలు ఒక పెద్ద కారణమని నేను నమ్ముతాను. అయితే రొయ్యలు, ఆక్టోపస్, స్క్విడ్ వంటివి ఆ నియమంలో నిషిద్ధం కావు కాబట్టి, అవి కూడా వద్దని విడిగా చెప్పాలి.

కొన్ని చోట్ల జాగ్రత్త అవసరం. టమాటాలలో, క్యాప్సికమ్‌లలో బియ్యం కూరి వండే ‘గెమిస్తా’లో కొందరు ఖీమా కూడా కలుపుతారు. ద్రాక్షాకులలో చుట్టే ‘దొల్మాదెస్’లో మాంసం లేని రకమూ ఉంది, ఖీమా పెట్టి గుడ్డు, నిమ్మరసాల చారు పోసే రకమూ ఉంది. పాలకూరను పిండి పొరల మధ్య పెట్టి కాల్చే ‘పై’లో తరచుగా గుడ్డు పడుతుంది. లేత గులాబీ రంగులో కనిపించే ‘తారమోసలాతా’ చేప గుడ్లతో చేసినది. సలాడ్ మీద వేసే ఫెటా జున్నును (చీజ్‌ను) జంతువుల పొట్ట నుంచి తీసిన రెన్నెట్‌తో తోడుపెట్టడం సంప్రదాయం. నాన్నగారికి ఆ పట్టింపు ఉంటే సలాడ్‌ను జున్ను లేకుండా అడగండి. ఏ సందేహమూ లేకుండా అడగదగినది ‘ఫావా’. సాంతోరిని ద్వీపంలో పండే పసుపు పప్పును మెత్తగా ఉడికించి, పైన ఉల్లిపాయ తరుగు, ఆలివ్ నూనె వేసి ఇస్తారు. మన ముద్దపప్పు తినేవారికి మొదటి ముద్దలోనే నచ్చుతుంది.

జవాబు 2 (క్రీట్‌లో చదువుకున్నాను, ప్రస్తుతం హైదరాబాదు)

పై వారు చెప్పినదంతా నిజమే. వేళల గురించి ఆందోళన పడకండి. యాత్రికులు తిరిగే ప్రాంతాల్లో చాలా టావెర్నాలు రోజంతా వంట నడుపుతాయి. ఏడింటికి వెళ్తే బల్లలు ఖాళీగా ఉంటాయి, పెద్దవాళ్లకు అదే ప్రశాంతం. పదింటికి మాత్రం పసిపిల్లలతో సహా కుటుంబాలు వచ్చి కూర్చుంటాయి.

ఎవరి పళ్లెం వారు తెప్పించుకోవడం అక్కడి పద్ధతి కాదు. అందరికీ కలిపి అడుగుతారు, వంటకాలు ఏది ముందు తయారైతే అది బల్ల మధ్యకు వస్తుంది, చిన్న పళ్లేలలోకి కొంచెం కొంచెం తీసుకుంటారు. మీ ఇంట్లో సగం మంది చేపలు తింటారు కనుక, అమ్మానాన్నల వైపు పెట్టే పళ్లేలకు వేరే గరిటెలు కావాలని ముందే అడగండి. ఒకేసారి అన్నీ చెప్పకుండా మూడు నాలుగు రకాలతో మొదలుపెట్టి, చాలకపోతే మళ్లీ చెప్పండి. అక్కడి వడ్డన చాలా ఎక్కువ.

క్రీట్‌లో బిల్లు అడిగినప్పుడు దానితోపాటు పుచ్చకాయ ముక్కలో, చిన్న మిఠాయో, ఒక బుడ్డి రాకీయో యజమాని తరఫున ఉచితంగా వస్తుంది. రాకీ ద్రాక్ష పిప్పి నుంచి తీసే ఘాటైన సారా. తాగనివారు దాన్ని అలాగే వదిలేస్తే ఎవరూ నొచ్చుకోరు, కానీ పండు ఒక ముక్కయినా తినడం మర్యాద. ఇంకొక విషయం: మనం ‘చాలు చాలు’ అంటూ అయిదు వేళ్లూ చాపి అరచేతిని ఎదుటివారి వైపు చూపిస్తాము, గ్రీసులో అది పెద్ద తిట్టు. ఈ ఒక్కటి నాన్నగారికి బయలుదేరే ముందే చెప్పండి.

జవాబు 3 (గ్రీసులోని థెస్సలోనికి నగరం నుంచి)

బిల్లు తేకపోవడాన్ని అశ్రద్ధ అనుకోవద్దు. అడగకుండా బిల్లు తెచ్చి పెట్టడమంటే అతిథిని లేచి వెళ్లమనడమే అని ఇక్కడివారి భావన. మీకు తీరిక అయినప్పుడు ‘తొన్ లొగారియాస్మో, పారాకాలో’ (దయచేసి బిల్లు ఇవ్వండి) అనండి. రసీదును చాలాచోట్ల చుట్టి ఒక చిన్న గ్లాసులో పెట్టి బల్ల మీద ఉంచుతారు. చట్టబద్ధమైన రసీదు ఇవ్వకపోతే వినియోగదారు డబ్బు చెల్లించనక్కరలేదన్న వాక్యం మెనూ మీదే అచ్చయి ఉంటుంది, అది నిజంగా చట్టమే. టిప్పు తప్పనిసరి కాదు. మొత్తాన్ని పై అంకెకు సర్దడం, లేదా 5 నుంచి 10 శాతం నగదుగా బల్ల మీద వదలడం మామూలు.

రొట్టెకు మనిషికి ఇంతని చిన్న మొత్తం వేస్తారు. వద్దనుకుంటే కూర్చోగానే చెప్పవచ్చు, కానీ నేనైతే వద్దనను. టమాటా రసం, ఆలివ్ నూనె, ఒరెగానో కలిసి సలాడ్ గిన్నె అడుగున చేరిన పులుసులో ఆ రొట్టెను అద్దుకుని తినకపోతే ఆ భోజనం పూర్తి కాదు.

చేపల విషయానికి వస్తే, పెద్ద చేపల ధర మెనూలో కిలో లెక్కన రాసి ఉంటుంది. చేపను ఎంచుకుని, మీ ఎదుటే తూకం వేయించి, మొత్తం ఎంతవుతుందో తెలుసుకున్న తరువాతే కాల్చమని చెప్పండి. ఇలా అడగడాన్ని ఎవరూ తప్పుపట్టరు. పేరు పక్కన నక్షత్రం గుర్తు ఉంటే సాధారణంగా అది గడ్డకట్టించి నిలవ ఉంచిన సరుకు అని అర్థం, మెనూ అడుగున చూసుకోండి. ఖర్చు తగ్గాలంటే ‘గావ్రోస్’ అనే చిన్న చేపల వేపుడు అడగండి. అది పళ్లెం లెక్కన వస్తుంది, ముల్లుతో సహా కరకరలాడుతుంది, నిమ్మకాయ పిండుకుని చేత్తోనే తింటారు.