ఆహారజాలకంలో పక్షుల రెట్టను ఎలా చూపించాలి?

నేను టెక్కలి ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. బయోమ్‌ల (ఒకే రకమైన వాతావరణం, జీవజాలం ఉండే విశాల ప్రాంతాల) పాఠంలో భాగంగా, నాచులు, లెమ్మింగ్‌లు (ఎలుకల వంటి చిన్న జంతువులు), ధ్రువపు నక్కలు, మంచు గుడ్లగూబలు ఉండే టండ్రా (ధ్రువ ప్రాంతపు చెట్లులేని చలి నేల) ఆహారజాలకాన్నీ, మా దగ్గరి తేలినీలాపురం ఊళ్లో చింతచెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చుట్టుపక్కల చిత్తడి నేలల్లో చేపలు పట్టి బతికే మన జాలకాన్నీ పిల్లల చేత పక్కపక్కనే గీయించాలని అనుకుంటున్నాను. టండ్రాలో జాతులు తక్కువ కాబట్టి అక్కడ ఏ జీవి ఏ జీవికి ఆహారమో చూపే బాణాలు సులువుగానే కుదురుతాయి. చిక్కంతా మన పక్షుల దగ్గరే (పుస్తకంలోని గడ్డి, మిడత, కప్ప గొలుసు ఇక్కడ అక్కరకు రాదు). నీటిలో దొరికిన చేప రెట్టగా మారి చెట్ల కింది నేలకు చేరుతుంది గనుక, ఆ పోషకాల బాణాన్ని కూడా అదే పటంలో గీయిస్తే, ప్రతి పోషక స్థాయిలోనూ (ఆహారపు గొలుసులోని ప్రతి మెట్టులోనూ) సుమారు 10 శాతం శక్తి మాత్రమే పైకి అందుతుందన్న పాఠంతో పిల్లలు గందరగోళపడరా? బాణం రంగు మార్చితే సరిపోతుందా, రెట్టను కుళ్లబెట్టి పోషకాలను నేలకు చేర్చే సూక్ష్మజీవుల వంటి విచ్ఛిన్నకారులకు వేరే పటమే గీయించాలా? ఇటువంటి పాఠం చెప్పిన ఉపాధ్యాయులు తమ పద్ధతిని దయచేసి వివరించగలరు.