రెండు కిలోలకి అన్‌ఫిట్. బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) చార్టు న్యాయమేనా?

కబడ్డీ_కుర్రోడు: అగ్నివీర్ ర్యాలీలో మైలు పరుగు 5 నిమిషాల 22 సెకన్లలో కొట్టాను, 60కి 60 మార్కులు. పుల్ అప్స్ పది, 40కి 40. మెడికల్‌లో ఎత్తు 171, బరువు 66.4. ఓవర్‌వెయిట్, అన్‌ఫిట్ అని చీటీ చేతిలో పెట్టారు. నా వయసుకి 64.3 దాటకూడదట. ఇంకో పంతొమ్మిది రోజుల్లో నాకు 20 నిండుతాయి. అప్పుడు అదే చార్టు ప్రకారం 67 పైచిలుకు దాకా ఓకే! ఈలోపు నా ఒంట్లో ఏం మారుతుందో ఎవరైనా చెప్పండి.

హవల్దార్_రిటైర్డ్: నోటిఫికేషన్ చదివావా బాబూ? చదివితే ఈ ప్రశ్న రాదు.

కబడ్డీ_కుర్రోడు: చదివాను సార్. చదివితే బరువు తగ్గదు కదా.

నైట్‌డ్యూటీ_డాక్టరు: చార్టు లెక్క ఇదీ: 20 లోపు బీఎంఐ 22, 20 దాటితే 30 దాకా 23. కింద హద్దు అందరికీ 18. కొవ్వెంత, కండెంత అని అది చూడదు. బరువు దాటినా తీసుకునే మినహాయింపు ఒకటుంది. బాడీ బిల్డింగ్, కుస్తీ, బాక్సింగ్‌లో జాతీయ స్థాయిలో ఆడినట్టు కాగితం చూపాలి. బీఎంఐ 25 లోపు, నడుము 90 సెంటీమీటర్ల లోపు, రక్తపరీక్షలు సరిగ్గా ఉండాలి.

కబడ్డీ_కుర్రోడు: కబడ్డీ లేదా అందులో?

నైట్‌డ్యూటీ_డాక్టరు: లేదు.

చెరువుగట్టు: 😂😂 మన ఆటకి ఎక్కడా విలువ లేదు

డల్లాస్_బాబాయి: మా మేనల్లుడు ఇక్కడ అమెరికా ఆర్మీలో ఉన్నాడు. మొన్నటిదాకా బరువు పట్టిక దాటితే వెంటనే బయటికి పొమ్మనేవారు కాదు, బొడ్డు దగ్గర టేపు పెట్టి కొవ్వు శాతం లెక్కేసేవారు. సర్వీసులో ఉన్న 20 ఏళ్లలోపు మగపిల్లలకి 20 శాతం దాకా ఒప్పుకునేవారు. చేరడానికొచ్చి కొవ్వు కాస్త ఎక్కువున్నవాళ్లకి 2022 నుంచి ఫోర్ట్ జాక్సన్‌లో క్యాంపు కూడా పెట్టారు. 90 రోజుల దాకా ఉంచుకుని తగ్గించి మరీ తీసుకుంటారు.

హవల్దార్_రిటైర్డ్: వాళ్లకప్పుడు మనుషులు దొరక్క అలా పెట్టుకున్నారు. మనకి గేటు బయట లైనుంది. మాది ఇంటింటా సైనికులున్న మిలటరీ మాధవరం పక్క ఊరు, చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. 1996లో నేనెళ్లినప్పుడు కనీసం 50 కిలోలు ఉండాలనేవారు. నేను 48న్నర. ఏడ్చానా? తెల్లారుజామున అరటిపళ్లు తిని, చెంబెడు నీళ్లు తాగి ఎక్కాను కాటా. కష్టపడాలి బాబూ.

కబడ్డీ_కుర్రోడు: ఆగండి సార్. మీరు దొంగతూకం తూగి చేరారన్నమాట. నేను నిజం తూకం తూగి ఇంటికొచ్చాను. నోటిఫికేషన్ చదవాల్సింది ఎవరు?

చెరువుగట్టు: అయిపోయింది 🍌

హవల్దార్_రిటైర్డ్: నోరు జాగ్రత్త. దొంగ అన్నావంటే ఊరుకోను. లేహ్ అవతల పోస్టులో లావాటి సెంట్రీ ఒకడు ఊపిరాడక పడిపోతే నలుగురం స్ట్రెచర్ మీద దించాం. ఆ పదకొండు గంటలు నా నడుముకి తెలుసు. ఇప్పటికీ కింద కూచుని లేవలేను. వాడి బరువు నీ చార్టులో ఉందో లేదో నువ్వే చూసుకో.

కబడ్డీ_కుర్రోడు: ఆయన చేరాక లావయ్యాడు, చేరేటప్పుడు కాదు. లోపలున్నవాళ్లు లావైతే తగ్గడానికి 30 రోజులు గడువిస్తారని 2024 జనవరిలో పేపర్లలో వచ్చింది. నాకు పంతొమ్మిది రోజులు చాలు.

హవల్దార్_రిటైర్డ్: వాడికి తుపాకీ నేర్పి, చలి నేర్పి ఏళ్లు ఖర్చుపెట్టారు. నీ మీద ఏం పెట్టారు?

కబడ్డీ_కుర్రోడు: నా మీద మా నాన్న పెట్టాడు. అకాడమీకి ఎనిమిది నెలల ఫీజు. ఛాతీ 77 ఉండాలి, గాలి పీలిస్తే ఇంకో 5 పెరగాలి అని రోజూ గుడ్లు, పాలు, పౌడరు మేపారు. ఛాతీ వచ్చింది. దాంతోపాటే బరువూ వచ్చింది. కాటా సంగతి ఒక్కడూ ఎత్తలేదు.

నైట్‌డ్యూటీ_డాక్టరు: అదే అసలు తప్పు. ర్యాలీకి రెండు నెలల ముందునుంచీ వారానికోసారి తూచుకోవాలి.

హవల్దార్_రిటైర్డ్: అయితే అకాడమీవాణ్ణి అడుగు, ఆర్మీని కాదు. వందలమంది వస్తారు, సీట్లు కొన్నే. ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి. గీత అవతల ఒకడుంటాడు, వాడికెప్పుడూ అన్యాయంగానే ఉంటుంది.

కబడ్డీ_కుర్రోడు: అదే అనమనండి సార్! సీట్లు లేవు, పో అంటే పోతాను. చీటీ మీద రాసింది "అన్‌ఫిట్" అని. మా నాన్న ఆ కాగితం కిరాణా కొట్లో చదివించుకున్నాడు. ఇప్పుడు ఊళ్లో నాకేదో జబ్బుందంటున్నారు. నిన్న మా మేనత్త ఇంటికొచ్చి అమ్మని గుండె సంగతా అని అడిగింది. మైలు ఐదు నిమిషాల్లో పరిగెత్తినోడికి గుండెజబ్బు!

*(రాత్రంతా ఎవరూ రాయలేదు)*

హవల్దార్_రిటైర్డ్: రివ్యూకి ఆర్మీ ఆసుపత్రికి వెళ్లమని చీటీలో తేదీ ఇచ్చారా?

కబడ్డీ_కుర్రోడు: ఇచ్చారు. గురువారం.

హవల్దార్_రిటైర్డ్: మరి ఇక్కడ కూచుని నాతో గొడవేంటి? వెళ్లు. కొట్లో చదివించుకున్న సంగతి నాన్నగారిది, దాన్ని ఆర్మీ మీద వెయ్యకు. గీత గీతే, నేను మాట మార్చను. పౌడరు ఆపెయ్యి.

కబడ్డీ_కుర్రోడు: నేనూ మార్చను. పౌడరు మొన్నే ఆపేశాను.

చెరువుగట్టు: ఇంతకీ సార్, అరటిపళ్లు ఎన్ని?

హవల్దార్_రిటైర్డ్: పదకొండు. పన్నెండోది కాటా మీద నిలబడి తిన్నాను.