కోర్టు ప్రొబేషన్ కార్యాలయానికి అధిపతిని ఎంచుకునేవారు ఏం చూడాలి? మా అమ్మాయికి ఏం చెప్పమంటారు?

గ్రీమ్స్‌పేట విశ్రాంత ఉద్యోగి, చిత్తూరు:

అందరికీ నమస్కారం. రాయలసీమలో వేర్వేరు చోట్ల ప్రొబేషన్ అధికారిగా పనిచేసి రిటైరయ్యాను. శిక్ష వేసే ముందు ముద్దాయి ఇల్లు, పరిస్థితులు విచారించి కోర్టుకు నివేదిక రాయడం, జైలుకు పంపకుండా కోర్టు వదిలినవారిని కనిపెట్టుకుని ఉండటం ఈ అధికారి పని. మా పెద్దమ్మాయి అమెరికాలో ఒక ఫెడరల్ (అక్కడి కేంద్ర ప్రభుత్వ చట్టాల కింద నడిచే) జిల్లా కోర్టు ప్రొబేషన్ కార్యాలయంలో పదహారేళ్లుగా పనిచేస్తోంది. అక్కడ ఈ ఉద్యోగాల్లో ఉన్నవారు సాధారణంగా 57 ఏళ్లకు దిగిపోవాలి. వాళ్ల చీఫ్‌కు ఆ వయసు వచ్చింది. ఖాళీ అవుతున్న ఆ పదవికి మా అమ్మాయి దరఖాస్తు చేస్తే పిలుపు వచ్చింది. వచ్చే గురువారం ముగ్గురు జడ్జీల ఎదుట పావుగంట మాట్లాడాలి.

మన దగ్గర ఈ పోస్టులు ప్రభుత్వ శాఖ చేతిలో ఉంటాయి. అక్కడ చీఫ్‌ను నియమించేది ఆ కోర్టే. శిక్ష వేసే ముందు ఎవరి నివేదికలు చదువుతారో, ఆ నివేదికలు రాయించే మనిషిని జడ్జీలే ఎంచుకుంటారు. నాకు ఈ ఏర్పాటు ఎంతో నచ్చింది.

చెప్పబోయేది పన్నెండు పేజీలుగా రాసి నాకు పంపింది. బడ్జెట్, ఖాళీలు, కొత్త సాఫ్ట్‌వేర్, ఇళ్లకు వెళ్లే అధికారుల భద్రత, ఎవరు మళ్లీ నేరం చేసే అవకాశం ఎంత ఉందో లెక్కగట్టే పద్ధతి, అన్నీ ఉన్నాయి. ఒక్క మనిషి కూడా కనిపించలేదు. అదే మాట ఫోనులో అంటే, "నాన్నా, ఇది నువ్వు చేసిన ఉద్యోగం కాదు. ఎనభై మంది చేత పని చేయించే ఉద్యోగం" అంది.

నా బాధ ఎక్కడిదో చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పైఅధికారి ప్రతి సోమవారం ఒకే ప్రశ్న వేసేవారు: "ఈ నెల ఎన్ని నివేదికలు వెళ్లాయి?" నెలాఖరుకు నాకు నాలుగు తక్కువయ్యాయి. వాటిలో ఒకటి బోరు మోటారు రాగి తీగ దొంగిలించిన కుర్రాడిది. ఆ పల్లెకు రెండు బస్సులు మారి, నాలుగు కిలోమీటర్లు నడవాలి. నేను వెళ్లలేదు. స్టేషన్ కాగితాల్లో ఉన్నది చూసి "స్థిరనివాసం లేదు" అని రాసేశాను. అతనికి ఇరవై రెండేళ్లు. మన 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టంలో ఇరవై ఒకటి నిండనివారిని జైలుకు పంపకుండా కాపాడే 6వ సెక్షన్ కూడా అతనికి వర్తించలేదు. ఆరు నెలలు పడింది.

తరువాత అతని తల్లి రేషన్ కార్డు పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. ఏటా నాలుగు నెలలు ఇటుక బట్టీలకు వలస వెళతారు, అంతే. ఆ ఊళ్లో వాళ్లకు తాతలనాటి ఇల్లు ఉంది. "ఇందులో ఇంటి నంబరు ఉంది కదయ్యా" అని కార్డు నా బల్ల మీద పెట్టింది. మా పైఅధికారి దృష్టిలో మాత్రం ఆ నెల లెక్క సరిపోయింది.

అమెరికాలో అయితే ఆ నివేదికను శిక్షకు 35 రోజుల ముందే ముద్దాయికీ అతని లాయరుకూ ఇవ్వాలి. అభ్యంతరాలు రాయడానికి 14 రోజులు గడువు ఉంటుంది. మన దగ్గర అదే 1958 చట్టంలోని 7వ సెక్షన్ ప్రకారం అది రహస్య పత్రం, కోర్టు తలిస్తేనే సారాంశం ముద్దాయికి తెలుస్తుంది. నేను రాసిన ఆ రెండు ముక్కలు ఆ కుర్రాడి కంట పడనే లేదు.

నా ప్రశ్న ఇది. ఇలాంటి కార్యాలయంతో పని పడినవారు దాని పెద్దలో ఏం కోరుకుంటారు? ఈ సంగతి జడ్జీలకు చెప్పమని అమ్మాయికి సలహా ఇవ్వనా? మా ఆవిడ జోక్యం చేసుకోవద్దంటోంది.

న్యాయవాది, తిరుపతి:

సార్, మీరు ఇన్నేళ్ల తరువాత కూడా ఆ తల్లిని మరిచిపోకపోవడం చూసి మనసు కదిలింది. కానీ బడ్జెట్ పేజీని మీరు చిన్నచూపు చూడటం నాకు నచ్చలేదు. మీరు ఆ పల్లెకు ఎందుకు వెళ్లలేకపోయారు? ఆఫీసుకు ఒక జీపు, మీతోపాటు మరో ఇద్దరు అధికారులు ఉండి ఉంటే వెళ్లేవారు కారా? ఆ పైఅధికారి ప్రశ్న తప్పే. ప్రశ్న మార్చినంత మాత్రాన బస్సు రాదు.

నేను అదే చట్టం 4వ సెక్షన్ కింద, జైలు బదులు మంచి నడవడికతో ఉంటానని రాసిచ్చే సత్ప్రవర్తన బాండుపై విడుదల కోరినప్పుడల్లా అంతా నివేదిక మీదే ఆగుతుంది. అది రాలేదని వాయిదా పడితే శ్రీకాళహస్తి అవతలి నుంచి వచ్చే కూలీకి ఒక రోజు కూలి, రానుపోను చార్జీలు పోతాయి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చాక సమాజ సేవ కూడా ఒక శిక్ష అయింది. 5,000 రూపాయల లోపు సొత్తు మొదటిసారి దొంగిలించి, దాన్ని తిరిగి ఇచ్చినవాడికి వేసేది ఆ శిక్షే. అతను ఆసుపత్రి ఆవరణ నిజంగా ఊడ్చాడో లేదో దగ్గరుండి చూడటానికి మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి.

అందుకే మీ అమ్మాయి ఆ పేజీ తీసేయకూడదు. ఎన్ని ఇళ్లకు, ఎన్ని మైళ్లు, ఎంతమంది వెళ్లగలరో ఆ అంకెల పక్కన రాస్తే చాలు.

పుత్తూరు ఆడపడుచు, ఒహాయో:

బాబాయి గారూ, నమస్తే. నేను ఇక్కడ ఒక కౌంటీ కోర్టు ప్రొబేషన్ విభాగంలో పనిచేస్తున్నాను. మీ అమ్మాయిది ఫెడరల్, మాది రాష్ట్ర చట్టం కింద నడిచేది. అయినా మా దగ్గర కూడా చీఫ్‌ను నియమించేది జడ్జీలే. గతసారి సిబ్బంది తరఫున నేనూ ఆ ముఖాముఖిలో కూర్చున్నాను.

ఒక జడ్జి అందరినీ ఒకే ప్రశ్న అడిగారు: "మీ పర్యవేక్షణలో ఉన్న మనిషి హత్య చేశాడని ఉదయం తెలిసింది. మధ్యాహ్నంలోగా ఏం చేస్తారు?" ఒకాయన, సంబంధిత అధికారిని వెంటనే సస్పెండ్ చేస్తానన్నారు. మరొకామె, "ముందు ఫైలు మొత్తం నేనే చదువుతాను. ఆ అధికారిని పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతాను. మా వైపు లోపం ఉంటే పత్రికలకంటే ముందు మీ గదికి వచ్చి నేనే చెబుతాను" అన్నారు. ఆమెనే తీసుకున్నారు. చీఫ్‌ను నియమించేదీ తీసేయగలిగేదీ జడ్జీలే. అయినా వాళ్లకు ఇష్టంలేని మాట వాళ్లతోనే చెప్పగలగాలి. ఈ పదవిలో అన్నిటికంటే కష్టమైనది అదేనని నా నమ్మకం.

ఇంకొక మాట, కోపగించుకోకండి. రేషన్ కార్డు సంగతి మీది. మీ అమ్మాయి అరువు తెచ్చుకుని చెబితే తండ్రి మీద గౌరవం కనిపిస్తుందేమో కానీ ఆమె కనిపించదు. పదహారేళ్లలో తనకూ ఒకటి ఉండే ఉంటుంది. అడిగి చూడండి.

లేత్ పని, రేణిగుంట రోడ్డు:

సార్, నేను ఆ బల్లకు ఇటువైపు నిలబడినవాణ్ణి. పంతొమ్మిదేళ్లప్పుడు స్నేహితులతో కలిసి ఒక మోటారు సైకిలు ఎత్తుకెళ్లాను. కోర్టు రెండేళ్ల బాండు మీద, పర్యవేక్షణలో వదిలింది.

ఆ రెండేళ్లలో ముగ్గురు అధికారులు మారారు. మొదటాయన సంతకం పెట్టించుకుని పంపేవారు. రెండో ఆయన మా ఇంటికి వచ్చారు. మా అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, నాకు ఏ పని వచ్చో అడిగారు. మరుసటి వారం తనే వెంటబెట్టుకుని వెళ్లి ఒక లేత్ షాపులో చేర్చారు. "ఇతని మీద కేసు ఉంది, దాచడం లేదు, పని నేర్చుకుంటాడు" అని ఓనరుకు నా ముందే చెప్పారు. దాచి చేర్పించి ఉంటే ఎప్పుడు బయటపడుతుందోనని రోజూ భయపడేవాణ్ణి. ఏడు నెలలకు ఆయన్ను బదిలీ చేశారు. మూడో ఆయన ఫైలు తెరిచి, "ఏం చేశావు, మొదటి నుంచి చెప్పు" అన్నారు. మళ్లీ దొంగనయ్యాను.

ఇప్పుడు సొంత షాపు ఉంది. నా దగ్గర ఇద్దరు పనిచేస్తున్నారు. మీ అమ్మాయి పెద్ద పదవిలోకి వెళితే, ఒక మనిషికి ఒక అధికారిని చివరిదాకా ఉంచమని చెప్పండి. మార్చక తప్పకపోతే, వచ్చేవారిని పాతవారు వెంటబెట్టుకుని రావాలి.

గ్రీమ్స్‌పేట విశ్రాంత ఉద్యోగి, చిత్తూరు:

లాయరు గారూ, మీరు చెప్పింది నిజం. జీపు లేదన్న సంగతి నా తప్పు కప్పిపుచ్చుకోవడానికి వాడుకున్నట్టు అవుతుందని నేనెప్పుడూ పైకి అనలేదు. బడ్జెట్ పేజీ ఉంచమన్నాను.

పుత్తూరు అమ్మా, నువ్వు చెప్పినట్టే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పింది. పర్యవేక్షణలో ఉన్న ఒకతను మత్తుమందు పరీక్షకు వరుసగా మూడుసార్లు రాలేదని, నిబంధన ఉల్లంఘించాడంటూ కోర్టుకు వెళ్లిన నివేదిక మీద మా అమ్మాయే సంతకం చేసింది. అతను తొమ్మిది వారాలు జైల్లో ఉన్నాడు. పరీక్ష కేంద్రం వైపు వెళ్లే బస్సు అంతకు ముందు నెలలోనే ఆగిపోయిందని తరువాత తెలిసింది. ఒకసారి నడిచి వెళ్లాడట, అప్పటికే తలుపులు మూసేశారు. "ఎందుకు రాలేదని మా వాళ్లెవరూ అడగలేదు నాన్నా. నేనూ అడగలేదు" అంది. ఇన్నేళ్లూ ఇంట్లో ఎవరితోనూ అనలేదు. గురువారం దానితోనే మొదలుపెడతానంది. పన్నెండు పేజీలు ఐదయ్యాయి.

రేణిగుంట తమ్ముడూ, మీ ముగ్గురు అధికారుల సంగతి ఆమెకు చదివి వినిపించాను. అధికారులను ఊరికే మార్చకూడదని చెప్పేటప్పుడు దాన్ని ప్రస్తావిస్తానంటోంది, మీరు ఒప్పుకుంటేనే. రేపు సాయంత్రంలోగా చెప్పగలరా?

లేత్ పని, రేణిగుంట రోడ్డు:

చెప్పమనండి సార్. ఊరి పేరు మాత్రం వద్దు. మజ్జిగ తాగిన సంగతి కూడా చెప్పమనండి.