శాసనసభకు తొలిసారి పోటీ చేస్తానంటున్న మా చెల్లెలికి ఏం చెప్పాలి?

ప్రశ్న (పాలమూరు ప్రాంతం నుంచి ఒక అన్న)

మా చెల్లెలికి 26 ఏళ్లు. ఎమ్మెస్సీ పూర్తిచేసి, ఉద్యోగ పరీక్షలకు చదువుకునే ఆడపిల్లల కోసం మూడేళ్లుగా మా మండల కేంద్రంలో ఒక చిన్న పఠన కేంద్రం నడుపుతోంది. వచ్చే శాసనసభ ఎన్నికల్లో మా నియోజకవర్గం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడతానని సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు చెప్పింది. 2023లో కొల్లాపూర్‌లో బర్రెలక్కగా పేరు పొందిన కర్నె శిరీష విజిల్ గుర్తుపై పోటీ చేసినప్పటి నుంచీ ఆమె మనసులో ఈ ఆలోచన ఉందట. పొలమూ పరువూ రెండూ పోతాయని మా నాయన భయపడుతున్నాడు. ఆమెను ఆపాలని నాకు లేదు గానీ, ఏమీ తెలియకుండా పంపించడం కూడా ఇష్టం లేదు. చట్టప్రకారం ఏమేం కావాలి? 40 లక్షలు ఖర్చు పెట్టాల్సిందేనా? ముందు సర్పంచిగా పోటీ చేసి, ఆ తర్వాత శాసనసభ గురించి ఆలోచించమని చెప్పడం మంచిదా?

జవాబు 1 (ఎన్నికల విధుల్లో పనిచేసిన విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి)

ముందుగా మీ నాయన గారి భయం గురించి చెబుతాను. 40 లక్షలన్నది మన వంటి పెద్ద రాష్ట్రాల్లో శాసనసభ అభ్యర్థి దాటకూడని పరిమితి మాత్రమే; అంత పెట్టాలని ఎక్కడా లేదు. తప్పనిసరిగా కట్టవలసినది ధరావతు (డిపాజిట్) 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకైతే 5,000. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు కన్నా ఎక్కువ వస్తేనే ఓడిన అభ్యర్థికి ఆ సొమ్ము తిరిగి వస్తుంది. అంటే 1,80,000 ఓట్లు పోలైనచోట 30,000 దాటాలి. స్వతంత్రుల్లో చాలామందికి అది దక్కదు కనుక, ఆ పదివేలు పోయినట్టేనని ముందే అనుకొని బయలుదేరడం మేలు.

నామినేషన్ పత్రాలను అధికారి పరిశీలించే రోజు నాటికి వయసు 25 నిండితే చాలు. ఆమె రాష్ట్రంలోని ఏదో ఒక నియోజకవర్గంలో ఓటరై ఉండాలి. అసలు చిక్కు ప్రతిపాదకుల దగ్గర, అంటే అభ్యర్థి పేరును ప్రతిపాదిస్తూ నామినేషన్‌పై సంతకం చేసేవాళ్ల దగ్గర వస్తుంది. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్కరి సంతకం సరిపోతుంది గానీ, స్వతంత్ర అభ్యర్థికి ఆ నియోజకవర్గపు ఓటర్లే పదిమంది కావాలి. మంచి ఉత్సాహంతో ఊరేగింపుగా వచ్చిన ఒక కుర్రవాడి పత్రంలో పదో సంతకం చేసిన వ్యక్తి ఓటు పక్క నియోజకవర్గంలో ఉందని పరిశీలనలో తేలి, ఆ నామినేషన్ తిరస్కరణకు గురికావడం నేను దగ్గరుండి చూశాను. ఆ అబ్బాయి ముఖం ఇప్పటికీ గుర్తొస్తుంది. అందుకని పదిమంది పేర్లనూ భాగం సంఖ్య, వరుస సంఖ్యతో సహా తాజా ఓటర్ల జాబితాతో సరిచూసుకొని, వేరే పదిమందితో రెండో సెట్టు నామినేషన్ పత్రాలు కూడా దాఖలు చేయమనండి. ఒకే నియోజకవర్గానికి నాలుగు సెట్ల వరకు ఇవ్వవచ్చు, ధరావతు మాత్రం ఒక్కసారే కట్టాలి. నామినేషన్‌తో ఇచ్చే ప్రమాణపత్రంలో (అఫిడవిట్) ఏ గడినీ ఖాళీగా వదలకూడదు. ఆస్తి లేకపోతే లేదని రాయాలి. పత్రాలు ఇచ్చిన తర్వాత, పరిశీలనకు ముందు రోజులోగా, రాజ్యాంగానికి విధేయంగా ఉంటానని అధికారి ముందు ప్రమాణం కూడా చేయాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

జవాబు 2 (2023లో ఒక స్వతంత్ర అభ్యర్థి తరఫున పోలింగ్ కేంద్రంలో ఏజెంటుగా కూర్చున్నవాడిని)

కాగితాల సంగతి పై పెద్దాయన బాగా చెప్పారు. నేను రోజుల లెక్క చెబుతాను. 2023లో నామినేషన్ల ఉపసంహరణ గడువు నవంబర్ 15న ముగిసింది, పోలింగ్ 30న జరిగింది, ప్రచారం 28 సాయంత్రమే ఆగిపోయింది. స్వతంత్రుడికి గుర్తు చేతికి వచ్చేది ఉపసంహరణ ముగిశాకే కాబట్టి, ఆ గుర్తును ఊరూరా తెలియజేయడానికి మాకు మిగిలింది పదమూడు రోజులు. ఈవీఎం మీద ముందు గుర్తింపు పొందిన పార్టీల పేర్లు, తర్వాత నమోదైన ఇతర పార్టీలవి, చివరికి స్వతంత్రులవి ఉంటాయి. ఓటు నొక్కే ఒక్కో యూనిట్‌లో పదహారు పేర్లే పడతాయి కనుక మా అభ్యర్థి పేరు రెండో యూనిట్‌లోకి వెళ్లింది. మాకు ఓటు వేద్దామని వచ్చి, పేరు కనిపించక వెనుదిరిగామని తర్వాత చెప్పిన ముసలివాళ్లు ఉన్నారు.

అయినా మేం ఓడింది గుర్తు దగ్గర కాదు, బూత్ దగ్గర. నియోజకవర్గంలో దాదాపు మూడు వందల పోలింగ్ కేంద్రాలుంటే మాకు నలభైచోట్ల మాత్రమే ఏజెంట్లు దొరికారు. పోలింగ్‌కు గంటన్నర ముందు యంత్రాన్ని పరీక్షించడానికి జరిగే మాక్ పోల్ (నమూనా ఓటింగ్) చూడటానికీ, సాయంత్రం ఓట్ల లెక్క రాసిన 17సి పత్రం నకలు తీసుకోవడానికీ మిగతాచోట్ల మా మనిషే లేడు. ఏజెంటు లేని ఊళ్లో మన అభ్యర్థి పోటీలో ఉన్నట్టు చెప్పేవాళ్లు కూడా ఉండరు. మీ చెల్లెలు ఇప్పటినుంచి ఎన్నికల దాకా ఒకే ఒక్క పని చేయగలిగితే, అది బూత్‌కు ఒక మనిషిని సంపాదించుకోవడమే అయి ఉండాలి. పఠన కేంద్రంలో చదివి వెళ్లిన అమ్మాయిల ఊళ్లతోనే ఆ జాబితా మొదలుపెట్టవచ్చు.

జవాబు 3 (వరంగల్ నుంచి, రాజనీతి శాస్త్రం బోధించే అధ్యాపకురాలు)

కొల్లాపూర్‌తో పాటు అదే ఎన్నికల్లో పాలకుర్తిని కూడా చూడాలని నా మనవి. అక్కడ 26 ఏళ్ల మామిడాల యశస్విని రెడ్డి, అత్తగారికి పోటీకి వీలుకాకపోవడంతో కాంగ్రెస్ అభ్యర్థిగా నిలబడి, అప్పటి మంత్రి ఎర్రబెల్లి దయాకర్ రావును 47 వేలకు పైగా ఆధిక్యంతో ఓడించారు. రాష్ట్రమంతా పేరు మారుమోగిన శిరీషకు ఆరు వేల లోపు ఓట్లే వచ్చాయి. ఇద్దరూ తొలిసారి పోటీ చేసిన యువతులే. కాబట్టి వయసు అడ్డం కాదు, ఒక్క ప్రచారం వల్ల వచ్చే పేరు చాలదు. వెనుక పార్టీ యంత్రాంగమో, దానికి సాటివచ్చే సొంత బలగమో ఉండాలి.

అయితే శిరీష పోటీ వృథా అని నేను ఒప్పుకోను. నిరుద్యోగం గురించి అంతగా మాట్లాడించినవాళ్లు ఆ ఎన్నికల్లో తక్కువ. ప్రచారంలో ఆమె తమ్ముడిపై దాడి జరిగిన తర్వాత హైకోర్టు ఆదేశంతో గానీ ఆమెకు భద్రత రాలేదన్న సంగతిని మాత్రం ఇంట్లో దాచకుండా మాట్లాడుకోండి. సర్పంచి విషయంలో నా అభిప్రాయం స్పష్టం. ఆ పదవికి 21 ఏళ్లు చాలు, పార్టీ గుర్తులు ఉండవు, ఓటరుకు అభ్యర్థి ముఖం తెలుసు. కానీ శాసనసభకు మెట్టుగా మాత్రమే ఊరిని వాడుకునే సర్పంచి ఊరికి మేలు చేయదు. ఊరి పని మీద మనసుంటేనే అటు వెళ్లమనండి.

ప్రశ్న అడిగినవారి చెల్లెలు

అడిగింది మా అన్నయ్య, ఆ చెల్లెల్ని నేను. సర్పంచిగా పోటీ చేయాలని నాకు లేదు. మా ఊరికి ఆ పని శ్రద్ధగా చేస్తున్న అక్క ఉంది. బూత్ లెక్క చదివాక నిన్న రాత్రి కూర్చుని రాసుకుంటే, పేరు పెట్టి పిలవగలిగిన మనుషులు నాకు ముప్పై ఒక్క బూత్‌లలో ఉన్నారు. మూడు వందల ముందు అది ఎంత తక్కువో తెలిసింది. ఎన్నికలకు ఏడాది ముందు నాటికి కనీసం రెండు వందలు కాకపోతే ఈసారి నిలబడనని నాయనకు మాటిచ్చాను. నాయన ఏమీ అనలేదు గానీ, మా మేనత్త ఊళ్లోని రెండు బూత్‌ల పేర్లు తానే చెప్పి రాయించాడు.

జవాబు 1 రాసినవారు మళ్లీ

అమ్మా, ఒక్క మాట చేర్చాలి. నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందు ఎన్నికల ఖర్చుకే విడిగా బ్యాంకు ఖాతా తెరువు. ఒకే వ్యక్తికి పదివేలు దాటి ఇచ్చేది ఏదైనా నగదుగా ఇవ్వకు. గెలిచినా ఓడినా, ఫలితం వెలువడిన 30 రోజుల్లో లెక్కలు జిల్లా ఎన్నికల అధికారికి అప్పగించాలి. సరైన కారణం లేకుండా ఇవ్వనివాళ్లను మూడేళ్లు అనర్హులుగా ప్రకటించవచ్చు. ఓడిన బాధలో ఇది వదిలేసి, తర్వాతి పోటీని పోగొట్టుకున్న వాళ్లున్నారు. ఆ ఖర్చుల లెక్కల పుస్తకం రాసే పని మీ అన్నయ్యకు అప్పగించు.