పిల్లలు మనల్ని నమ్మి చెప్పిన మాట వాళ్ల ఇంట్లో చెప్పాలా, వద్దా?

సుద్దముక్క
నేను హైస్కూల్ టీచర్ని. కిందటి వారం 15 ఏళ్ల స్టూడెంట్ ఒకరు నోట్‌బుక్ నా బల్ల మీద పెట్టి, "చివరి పేజీ కూడా చూడండి మేడమ్" అని గబగబా వెళ్లిపోయారు. ఆ పేజీలో పెన్సిల్‌తో, చాలా చిన్న అక్షరాల్లో ఒక పేరు ఉంది. దాని కింద, "ఎవరూ లేనప్పుడు నన్ను ఇలా పిలుస్తారా?" అని ఉంది. రిజిస్టర్‌లో ఉన్నది అబ్బాయి పేరు. ఇది అమ్మాయి పేరు.

మర్నాడు మాట్లాడాను. తనకే ఇంకా ఏదీ ఖాయంగా తెలియదట, ఆ పేరు చెవికి ఎలా ఉంటుందో వినాలని ఉందట, అంతే. ఇంట్లో చెప్పొద్దని రెండుసార్లు అడిగారు. చెప్పకపోతే రేపు నీ మెడకే చుట్టుకుంటుందని తోటి టీచర్లు భయపెడుతున్నారు. మీరైతే ఏం చేస్తారు?

(చిన్నపిల్లలకు "అడిగారు" ఏంటి అనకండి. "తను" అంటే సరిపోతుందనుకున్నా. తీరా వాక్యం చివరికొచ్చేసరికి "డు" అనో "ది" అనో ఏదో ఒకటి తేల్చక తప్పడం లేదు.)

ఇద్దరు పిల్లల నాన్న
మేడమ్, సూటిగా అడుగుతున్నా. మావాడికి స్కూల్లో జ్వరం వస్తే పది నిమిషాల్లో ఫోన్ చేస్తారు. లెక్కల్లో మార్కులు తగ్గితే డైరీలో రాసి సంతకం పెట్టించుకు రమ్మంటారు. ఇంత పెద్ద విషయం మాత్రం మీకూ వాడికీ మధ్య రహస్యమా? ఏదైనా అయితే హాస్పిటల్ బెంచీ మీద కూర్చునేది నేను. కొట్టే రకం కాదు నేను. కానీ నా కొడుకు సంగతి ఊరందరి తర్వాత నాకు తెలిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. "ఇది ఇంట్లో చెప్పకు" అని పిల్లలతో చెప్పే పెద్దవాళ్లను నమ్మొద్దని మనమే నేర్పిస్తాం. ఈ ఒక్క విషయానికి మినహాయింపు ఎందుకు?

మిణుగురు
నాకు అమ్మాయిలంటేనే ఇష్టమని 16 ఏళ్లప్పుడు స్కూల్లో ఒక పెద్దావిడకు చెప్పాను. మంచావిడే. "నీ మేలు కోసమే" అంటూ ఆ సాయంత్రమే మా ఇంటికి ఫోన్ చేసింది. మర్నాడు స్కూల్ నుంచి వచ్చేసరికి నా గది తలుపుకి లోపలి గడియ లేదు. స్క్రూలు ఉన్నచోట నాలుగు చిల్లులు. మూడేళ్లు వాటిని చూస్తూ పడుకున్నా. ఎవరూ చెయ్యి చేసుకోలేదు సార్. మా నాన్న కూడా కొట్టే రకం కాదు.

చాలా ఏళ్లకు అమ్మ అంది, "నీ నోటితో నువ్వే చెప్పుంటే ఇంకోలా ఉండేదేమోనే. ఎవరో ఫోన్‌లో చెప్పేసరికి ముందు పరువే గుర్తొచ్చింది" అని. మా అమ్మకు చెప్పాలనే అనుకున్నా నేను. ఎలా మొదలుపెట్టాలో కూడా అనుకుని పెట్టుకున్నా.

వేపచెట్టు
ఈ వయసులో అన్నీ ఇలాగే ఉంటాయి. ఫోన్లో నాలుగు వీడియోలు చూస్తే ఇలాంటివి పుట్టుకొస్తాయి. పట్టించుకోకపోతే అవే పోతాయి, పోకపోతే మంచి డాక్టరుకు చూపించి మార్పించుకోవాలి. టీచరే కొత్త పేరుతో పిలిస్తే ముద్ర వేసినట్టే కదా?

రెండో కుర్చీ
వేపచెట్టు గారూ, నేను కౌన్సెలర్ని. మీ మాటల్లో రెండు మూడు విషయాలు కలిసిపోయాయి, విడదీస్తాను.

ముందు "మార్పించడం". స్వలింగ ఆకర్షణను అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లోనే జబ్బుల జాబితాలోంచి తీసేసింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తీసేసింది. 1973 నాటి మార్పులో ముందున్న రాబర్ట్ స్పిట్జరే 2003లో, గట్టిగా కోరుకుంటే కొందరు మారగలరని ఒక పేపర్ వేశారు. 200 మందితో ఫోన్లో మాట్లాడి, వాళ్లు చెప్పుకున్నదాని మీదే ఆధారపడి రాసింది అది. 2012లో తప్పు ఒప్పుకుని, ఆ థెరపీలతో కాలం వృథా చేసుకున్నవాళ్లకు క్షమాపణ చెప్పారు. ఇక దాని గురించి చర్చ అనవసరం.

వయసు ప్రభావం అన్నారు. ఉండొచ్చు. టీచర్ గారి స్టూడెంట్ కూడా ఇంకా తెలియదనే అంటున్నారు కదా. ఆ సంగతి మొదట అన్నదే ఆ బిడ్డ. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త జాబితా 2022లో అమల్లోకి వచ్చింది. పుట్టినప్పుడు రాసిన జెండర్ తనది కాదనిపించడాన్ని అది మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి బయటికి తెచ్చింది. ప్రవర్తన, ఇష్టాలు వేరుగా ఉన్నంతమాత్రాన ఏ నిర్ధారణా చేయకూడదని కూడా అదే చెబుతుంది. ప్యూబర్టీ బ్లాకర్ల (యుక్తవయసులో ఒంట్లో వచ్చే మార్పులను ఆపి ఉంచే మందులు) లాంటి వాటి దగ్గరికొస్తే డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. ఇంగ్లండ్‌లో పిల్లల జెండర్ వైద్య సేవల మీద 2024లో వచ్చిన కాస్ సమీక్ష వాటికి ఆధారాలు బలహీనంగా ఉన్నాయంది. కానీ ఇక్కడ మందుల మాట ఎవరెత్తారు? ఒక పేరుతో పిలవమన్నారు, అంతే.

మిణుగురు గారి గడియ గురించి ఒక మాట. క్యాట్లిన్ రయాన్ బృందం 2009లో స్వలింగ, ద్విలింగ ఆకర్షణ ఉన్న 224 మంది యువతతో ఒక అధ్యయనం చేసింది. టీనేజ్‌లో ఇంటి నుంచి తీవ్రమైన తిరస్కారం చవిచూసినవాళ్లు, అది పెద్దగా లేనివాళ్లకంటే 8.4 రెట్లు ఎక్కువగా ఆత్మహత్యాయత్నం చేశామని చెప్పారు. చిన్న అధ్యయనమే, ఇదొక్కటే కారణమని తేల్చలేం. అయితే అందులో తిరస్కారం అంటే కొట్టడమే కాదు. అలాంటి స్నేహితులను కలవనీయకపోవడం, నీ వల్ల తలెత్తుకోలేకపోతున్నాం అనడం కూడా లెక్కలోకి వచ్చాయి.

టీచర్ గారూ, "ఎవరికీ చెప్పను" అని ఒట్టు మాత్రం వేయకండి. ప్రాణానికి ముప్పున్నా, ఎవరైనా హింసిస్తున్నా చెప్పక తప్పదనీ, అదీ నీతో మాట్లాడాకే చెప్తాననీ ముందే చెప్పేయండి. తర్వాత ఒకటి అడగండి, ఇంట్లో ఎవరికైనా ముందు చెప్పాలంటే ఎవరికి చెప్తావు అని.

ఇద్దరు పిల్లల నాన్న
కౌన్సెలర్ గారూ, సగమే చెప్పారు. పేరు మార్చి పిలవడం లాంటివాటిని తేలిగ్గా తీసుకోవద్దనీ, బిడ్డకు హాని జరుగుతుందనే గట్టి కారణం లేకపోతే తల్లిదండ్రులను కలుపుకోవాలనీ ఆ కాస్ సమీక్షే అంది కదా? అనుకూలమైన ముక్క ఒకటే తీసుకుంటే ఎలా?

మిణుగురు, నీ గడియ సంగతి చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశానమ్మా. అయినా నా ప్రశ్న నాకుంది. మీ అమ్మ ఏం చేస్తుందో ఆ టీచరుకు ముందే ఎలా తెలుస్తుంది? అందరు అమ్మానాన్నలనూ అనుమానించే నియమం పెడితే ఎలా?

రెండో కుర్చీ
మీరన్న ముక్క నిజమే, వదిలేశాను. అక్కడ ఎక్కువ ఆందోళన మరీ చిన్నపిల్లల గురించి. 15 ఏళ్లకు కొంత తేడా ఉంటుంది. అయినా మీ మాట కొట్టిపారేయలేను.

మిణుగురు
అనుమానించమనడం లేదన్నా. 1972లో న్యూయార్క్‌లో జీన్ మాన్‌ఫోర్డ్ అనే తల్లి గే అయిన తన కొడుకు పక్కన ప్లకార్డు పట్టుకుని ఊరేగింపులో నడిచింది. ఆవిడా టీచరే. దారిపొడుగునా కుర్రవాళ్లు ఆమె దగ్గరికి వచ్చి ఏమడిగారో తెలుసా? మా అమ్మతో మాట్లాడతారా అని. ఇంట్లో తెలియాలని ఎవరికి లేదు చెప్పండి. కాస్త టైమ్ ఇవ్వమనే అడుగుతున్నాం.

సుద్దముక్క
రెండో కుర్చీ గారు చెప్పినట్టే ఈరోజు మాట్లాడాను. ఇంట్లో ముందు ఎవరికి అంటే, ఏమాత్రం ఆలోచించకుండా "అక్కకి" అన్నారు. అక్కకు చెప్పాక అమ్మకు చెప్పడానికి ముగ్గురం కూర్చుందామన్నాను. పరీక్షలయ్యాక అన్నారు. సరేనన్నాను.

ప్రమాదం ఉంటే తప్ప నేనుగా చెప్పనని కూడా అన్నాను. "ఉందో లేదో ఎవరు డిసైడ్ చేస్తారు మేడమ్, మీరా, నేనా?" అని అడిగారు. బెల్ కొట్టారు, బతికిపోయాను. రేపు మొదటి పీరియడ్ ఆ క్లాసే.

ఇద్దరు పిల్లల నాన్న
జవాబు దొరికితే ఇక్కడ కూడా రాయండి మేడమ్. మా చిన్నోడికి 13.