అన్నం బంద్ చేసి నెయ్యి, మటన్ మీదనే ఉంటే గుండెకు ఏమైతది?

నాయనకు షుగర్ గోళీలు నడుస్తున్నయి. అన్నం, రొట్టె మొత్తం బంద్ చేసిండు. ట్రైగ్లిజరైడ్స్ (రక్తంల ఒక రకం కొవ్వు) తగ్గినయి, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) మాత్రం 118 నుంచి 171 అయింది. పర్వాలేదా?

జవాబు 1 (నల్లగొండ):
పర్వాలేదనుకోవద్దు తమ్మీ. పిండిపదార్థం తగ్గితే ట్రైగ్లిజరైడ్స్ తగ్గుడు మామూలే. కానీ నెయ్యిల 60 శాతం దాకా, కొబ్బరినూనెల 90 శాతం దాకా సంతృప్త కొవ్వే (గడ్డకట్టే రకం కొవ్వు). దానితోని కాలేయం రక్తంలకెల్లి ఎల్‌డీఎల్‌ను తీసేసుడు తగ్గిస్తది. అసలు పంచాది అన్నం తీసేసిన జాగల ఏం పెడ్తున్నరన్నదే. 2018ల లాన్సెట్ పబ్లిక్ హెల్త్ అనే వైద్య పత్రికల వచ్చిన అధ్యయనంల, మాంసం పెంచినోళ్లల్ల మరణాలు ఎక్కువ; పప్పులు, గింజలు పెంచినోళ్లల్ల తక్కువ. అది పరిశీలనే, పక్కా రుజువు కాదు.

జవాబు 2:
ముందు గోళీలు చూడు. గ్లిమిపిరైడ్ అయితే షుగర్ దబ్బున పడిపోతది. డాపాగ్లిఫ్లోజిన్ అయితే షుగర్ 200 లోపున్నా కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు రక్తంల చేరే ఆమ్లాలు) పెరగొచ్చు. వాంతులు, ఆయాసం వస్తే వెంటనే దవాఖానకు తీస్కపోవాలె.

జవాబు 3 (పాలమూరు):
పూటకు 30 గ్రాముల పిండితోని ఒక జొన్నరొట్టె, అంటే 20 గ్రాములకు కొంచెం ఎక్కువ పిండిపదార్థం. పెసరపప్పు, చిక్కుడుకాయ, ఉప్పులేని పల్లీలు గుప్పెడు. నెయ్యి బదులు పల్లినూనె. 8 వారాలకు లిపిడ్ (రక్తంల కొవ్వుల) పరీక్ష మళ్ల చేయించు.

అడిగినోళ్లు:
డాపాగ్లిఫ్లోజినే ఉందన్నా. రేపు పొద్దుగాల్నే డాక్టర్ దగ్గరికి పోతం.